తొమ్మిదో నంబరు బూట్లు

మా నాన్న కాలు తొమ్మిదో నంబరు. మా మావయ్య కాలు ఏడో నంబరు. నాన్న పాత బూట్లు మావయ్యకి సరిపోవడం కోసం అమ్మ వాటి ముందుభాగంలో గుడ్డపేలికలు కుక్కేది. పాత లుంగీ ముక్కలు, చిరిగిన జాకెట్టు చేతులు, ఏది దొరికితే అది. ఇన్నేళ్లయినా, షాపులో కొత్త బూట్ల మొనల్లో కాగితపు ఉండలు కనిపిస్తే చాలు, నాకు ఒళ్లు మండుకొస్తుంది. షాపువాడి తప్పేం లేదు పాపం. మా పిల్లలైతే నవ్వుతారు. నవ్వుకోనీ.

తొంభైల నాటి మాట ఇది. భిలాయి అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. మేం సెక్టర్ 7 క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న స్టీలు ప్లాంటులో పర్మనెంటు. మా వీధిలో ఆ మాటని ఇంటిపేరులా పలికేవారు. క్వార్టరు, ఆస్పత్రి కార్డు, పిల్లలకి స్కూలు, ఇవన్నీ ఆ ఒక్క మాట వెనకాల నడిచొచ్చేవి. వాటితో పాటు అప్పుడప్పుడూ ఒక జత సేఫ్టీ బూట్లు కూడా ఇచ్చేవారు. నల్లగా, బరువుగా, వేళ్ల దగ్గర లోపల ఉక్కు తొడుగుతో ఉండేవి. ప్లాంటులో ఎవరివి ఎవరో తొడుక్కుపోతారని ప్రతివాళ్లూ ఉద్యోగంలో తమకిచ్చిన పర్సనల్ నంబరు బూటు నాలిక లోపల తెల్ల పెయింటుతో రాసుకునేవారు. నాన్న అక్షరాలు అందంగా ఉండేవి. అంకెలు ఇంకా అందంగా రాసేవాడు.

కొత్త జత ఇంటికొచ్చిన రోజున పాత జత ఎవరికి పోవాలో అమ్మ చెప్పేది. మా ఇంట్లోనే కాదు, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ప్రతి పర్మనెంటు ఇంట్లోనూ అంతే. ఎందుకంటే అలాంటి ప్రతి ఇంటికీ ఊరి నుంచి వచ్చిన ఒక తమ్ముడో, మరిదో, బామ్మర్దో ఉండేవాడు. ప్లాంటులో కొత్తగా తీసుకోవడం బాగా తగ్గిపోయింది. ఆలస్యంగా వచ్చినవాళ్లంతా ఇండస్ట్రియల్ ఏరియాలోని ప్రైవేటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి పోయేవారు. అక్కడ బూట్లివ్వరు. అందుకని మా ఆడవాళ్లే ఇచ్చేవాళ్లు. పండక్కి బట్టలు పెట్టినట్టు "మా మరిదికి బూట్లు పెట్టినాం" అని గొప్పగా చెప్పుకునేవాళ్లు. అది మంచితనమే అనుకున్నాం. అవును మరి, మంచితనమే. ఆ మంచితనాన్ని ఎవడు వాడుకున్నాడో తరవాత తెలిసింది.

మావయ్య అమ్మకి ఆఖరి తమ్ముడు. సన్నగా, చురుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. ఓ ఫౌండ్రీలో పని చేసేవాడు. కరిగిన ఇనుమును పెద్ద బకెట్లలో మోసుకెళ్లి ఇసుక అచ్చుల్లో పొయ్యడం అతని పని. అలాంటి చోట కాళ్లకి ఏమీ ఇవ్వకుండా మనిషిని నిలబెట్టొచ్చని ఎవడికి తోచిందో, వాడి కాళ్లు ఎలా ఉంటాయో చూడాలని నాకు చాలాసార్లు అనిపించేది.

అతన్ని పనిలో పెట్టిన కాంట్రాక్టరు మా జిల్లావాడే. అదే వచ్చింది తంటా. పరాయివాడైతే కాస్త జాగ్రత్తగా ఉండేవాళ్లమేమో. ఇతను గుమ్మంలో చెప్పులు విప్పి, వంటింటి దాకా వచ్చి, అమ్మని నోరారా "అప్పా" అని పిలిచేవాడు. మా వైపు అప్ప అంటే అక్క. మావయ్యని చేర్చుకున్న రోజున నాన్న మొహమాటపడుతూనే, కాయితం ఏదైనా ఇస్తావా అని అడిగాడు. అతను చెవులు మూసుకున్నాడు.

"ఏటి బావా, మనలో మనకి కాయితాలేటి? అప్ప తమ్ముడు నాకు తమ్ముడు కాడేటి? నాను సూసుకుంతాను గదా!"

అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, అంత సంతోషపడింది. ముందురోజు కోసిన పనసకాయ కూర వడ్డించి పంపింది.

అతను చూసుకున్న విధానం ఇదీ. నాలుగైదు నెలలు పని చేయించుకునేవాడు. తరవాత కొన్నాళ్లు ఇంట్లో కూర్చోమనేవాడు. మళ్లీ ఆ మనిషినే, ఆ పనికే, నిన్న ఊరి నుంచి దిగినవాడిలా కొత్తగా చేర్చుకునేవాడు. దీన్ని వాళ్లంతా బ్రేకు అనేవారు. బ్రేకు రోజుల్లో మావయ్య మా ఇంటికొచ్చి కూలర్‌కి గడ్డి మార్చేవాడు, పెరట్లో బీర పందిరి వేసేవాడు.

"బ్రేకు ఎందుకిస్తారు మావయ్యా?" అని అడిగాను ఒకసారి. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను.

"ఇంజినుక్కూడా రెస్టిస్తారు గదే గుంటా, మనిసికివ్వరేటి?" అని నవ్వాడు.

రెస్టు కాదు, మన్నూ కాదు. ఏళ్ల తరబడి నీ దగ్గరే చేశానని ఏ మనిషీ నోరెత్తి అడగకుండా ఉండడానికి వేసే ఎత్తు అది. మావయ్యకీ తెలుసు. తెలిసీ నవ్వాడు, ఎందుకంటే మా అత్తకి అప్పుడు నెలలు నిండుతున్నాయి.

ఆ ఏడాది విశ్వకర్మ పూజ వచ్చింది. భిలాయిలో మిగతా పండగలు ఒక ఎత్తు, విశ్వకర్మ పూజ ఒక ఎత్తు. మెషీన్లన్నీ కడుగుతారు, పనిముట్లకి బొట్లు పెడతారు, ఫ్యాక్టరీల్లోకి ఇంటివాళ్లని కూడా రానిస్తారు. ముందురోజు సాయంత్రం కాంట్రాక్టరు వచ్చి మావయ్యకీ, తక్కినవాళ్లకీ మా వరండాలోనే చెప్పాడు.

"రేపు పూజకి లేబర్ ఆఫీసరుగారు వస్తన్నారు. ఫ్యాక్టరీ ఓనరు కూడా ఉంటాడు. మన జిల్లా పరువు తియ్యకండి. అందరూ శుబ్బరంగా, బూట్లేసుకుని రండి."

మా వీధిలో ఆ సాయంత్రం ఒక్క ఆడమనిషి కూడా ఊరికే కూర్చోలేదు. పాత బూట్లన్నిటినీ గట్ల మీద వరసగా పెట్టి పాలిషు వేశాం. నేనూ వేశాను, మోచేతుల దాకా నలుపు అంటించుకుని. తెల్లారగట్ల అమ్మ మావయ్య బూట్లని దేవుడి గూటి దగ్గర పీట మీద పెట్టి, పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టింది. మా అత్త ఇంత కడుపుతోనే వచ్చి వాటికి దణ్ణం పెట్టుకుంది. పనిముట్టు అంటే సుత్తీ, పట్టకారేనా? వాడి కాలు కాపాడేది కూడా పనిముట్టే అంది అమ్మ. మా వీధిలో తక్కినవాళ్లూ అలాగే బొట్లు పెట్టారు.

ఫౌండ్రీ ఆవరణలో షామియానా వేశారు. మనుషులు వరసగా నిలబడ్డారు. ఎండలో ఆ బూట్లన్నీ మెరుస్తున్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో కుంకం చుక్క. ఆఫీసరు వరస పొడుగునా నడిచాడు, చూశాడు, తృప్తిగా తలాడించాడు. పక్కనే కాంట్రాక్టరు చేతులు కట్టుకుని, బూట్లన్నీ తనే కుట్టించినట్టు నిలబడ్డాడు.

"సబ్‌కో జూతే దియే హై?" అందరికీ బూట్లిచ్చావా అని హిందీలో అడిగాడు ఆఫీసరు.

"మీరే చూడండి సాబ్" అన్నాడు కాంట్రాక్టరు, అతనూ హిందీలోనే.

ఆఫీసరు మావయ్య ముందే ఆగి, ఇతనే ఇచ్చాడా అన్నట్టు కాంట్రాక్టరు వైపు చెయ్యి చూపించాడు. మావయ్య ఒక్క క్షణం కాంట్రాక్టరు మొహంలోకి చూశాడు. తలూపాడు. వరసంతా తలూపింది.

ఎందుకురా అలా ఊపావు అని ఇంటికొచ్చాక అమ్మ అడిగితే అతను చెప్పిందిది. "పూజ పూట, పరాయోళ్ల ముందర మనోడి పరువు తియ్యడమేటప్పా? పాపం కాదేటి?"

అమ్మకి ఆ మాట నచ్చింది కూడా. నాకూ అప్పట్లో తప్పనిపించలేదు. అదీ మా వాళ్లు. తమ కాళ్లకి ఏమున్నా లేకపోయినా, ప్రసాదం పెట్టినవాడి పరువు మాత్రం నేలమీద పడనివ్వరు. లడ్డూలు బావున్నాయని చెప్పుకుంటూ ఇంటికొచ్చాం.

చలికాలం అయిపోయి ఎండలు ముదరకముందే ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందు ఆటో ఆగింది. మావయ్యతో పనిచేసే ఇద్దరు అతన్ని మోసుకుంటూ దింపారు. ఎడమ కాలికి తడి గోనెసంచి చుట్టి ఉంది. మావయ్య అరవడం లేదు. పళ్లు బిగించి పైకి చూస్తున్నాడు. కాలిన గుడ్డ వాసన వీధంతా కొట్టింది.

బకెట్టు ఒరిగి కరిగిన ఇనుము చిందిందట. ఎవరికైనా జరిగేదే. మంచి బూటైతే పైనుంచే జారిపోయేది. ఆ పాత బూటు ముందువైపు కుట్లు ఊడి నోరు తెరుచుకుని ఉంది. ఇనుము అందులోంచి లోపలికి పోయింది. లోపల కుక్కిన గుడ్డలు అంటుకున్నాయి. తాళ్లు కోసి బూటు లాగేలోపల వేళ్లన్నీ మాడిపోయాయి. ఇదంతా ఆ ఇద్దరూ గుమ్మంలో నిలబడే చెప్పారు. అందులో ఒకడి చేతిలో మావయ్య బూటు ఉంది, కోసేసిన తాళ్లతో.

"ఆస్పత్రికి తీసుకెల్లకుండా ఇక్కడికేటర్రా?" అని అరిచింది అమ్మ.

"కాంట్రాక్టరే సెప్పినాడప్పా. ఆడి బావకి ప్లాంటు ఆస్పత్రి కార్డుంది గదా, ఆడింటికి పట్టుకుపోండి అన్నాడు."

విన్నారా? కాలిన మనిషిని తన జీపులో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాల్సినవాడు, వాడి బావకి కార్డుందిగా అన్నాడు. బూట్లు బావవి, ఆస్పత్రి బావది, చాకిరీ మాత్రం తనకి.

ఫస్టు షిఫ్టు నుంచి అప్పుడే వచ్చిన నాన్న, స్నానం కూడా చెయ్యకుండా మావయ్యని ప్లాంటు ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ చీటీలిచ్చే కిటికీ దగ్గర, ఇతను మీకేమవుతాడని అడిగారు. బామ్మర్ది అన్నాడు నాన్న. కార్డులో భార్యా పిల్లలూ తల్లిదండ్రులూ తప్ప బామ్మర్దికి చోటు లేదు. వాళ్లు గాయం కడిగి, కట్టు కట్టి, నొప్పికి సూది వేసి, పక్క ఊరు దుర్గ్‌లోని సర్కారు పెద్దాస్పత్రికి పంపించారు. వాళ్లని నేనేమీ అనను. ఆ మాత్రం చెయ్యాల్సిన అవసరం కూడా వాళ్లకి లేదు. చెయ్యాల్సినవాడు ఆ సమయంలో ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు.

దుర్గ్‌లో ఎడమ కాలి వేళ్లన్నీ తీసేశారు.

అమ్మ ఆ రోజు ఇంట్లో కూర్చుని మావయ్య బూటులోపల చెయ్యి పెట్టింది. సగం కాలిన గుడ్డముక్క బయటికొచ్చింది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. అమ్మ జాకెట్టు చెయ్యి అది.

"నా సేతుల్తో నానే కుక్కినానే! నా తమ్ముడి కాలు నానే కాల్సీసినానే!" అని నెత్తి బాదుకుంది. వీధి వీధంతా వచ్చి ఓదార్చినా ఊరుకోలేదు. నేను గట్టిగా పట్టుకుని చెప్పాను, నువ్వు కాదమ్మా, నువ్వు కుక్కాల్సిన అవసరం ఎవడు తెచ్చాడో వాడు అని. ఆ మాట ఆమెకి వినపడిందో లేదో తెలీలేదు.

నాలుగు రోజుల తరవాత కాంట్రాక్టరు యాపిల్ పళ్లు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పాడు, అలవాటుగా.

"ఏటి సేస్తామప్పా, గ్రహచారం. ఆడికి నాను బంగారంలాటి బూట్లిచ్చినాను. అయ్యి దాసుకుని బావ పాత బూట్లేసుకొచ్చినాడు. ఆఫీసరుగారే సూసినారు గదా, అందరికీ బూట్లున్నాయని!"

అమ్మ చాలా మెల్లిగా అడిగింది. "మరి ఆడి పనో? కాలు మానినాక ఏదో ఒక కూకునే పని ఇస్తావా? ఇంట్లో సంటిబిడ్డుంది."

"అదేనప్పా తిరకాసు. ఆడి టైము ఆ శనివారంతోనే అయిపోనాది. బ్రేకు రాసీసినాను. ఆ పొద్దు ఆడు నా మనిసి కాడు. నాను తీసుకోమన్నా ఓనరు ఒప్పుకోడు."

మావయ్య కాలు కాలింది సోమవారం. బ్రేకు శనివారం నుంచీ అంట! పని చేయించుకుంటున్నప్పుడు తమ్ముడు, కాలు కాలాక ముక్కూ మొహం తెలీనివాడు. ఫ్యాక్టరీ మేనేజరు దగ్గరికి నాన్న వెళితే, మేం కాంట్రాక్టరుకి పనిచ్చాం, మనుషులతో మాకేం సంబంధం, వాళ్లు మీ ఊరివాళ్లేగా అన్నాడు. ఒకడు వాణ్ణడగమంటాడు, వాడు వీణ్ణడగమంటాడు. మధ్యలో నా మావయ్య పాదం. అది ఎవరి లెక్కలోకీ రాదు.

అమ్మ యాపిల్ పళ్ల సంచి అతని చేతికి తిరిగిచ్చేసింది. "నన్నింక అప్పా అని పిలవొద్దు" అంది. అంతే అంది. అతను చెప్పులు వేసుకునేదాకా గుమ్మంలోనే నిలబడింది.

మర్నాడు నేనూ అమ్మా లేబర్ ఆఫీసుకి వెళ్లాం. అమ్మకి హిందీ బజారు వరకే వచ్చు. నేను పుట్టిందే ఇక్కడ, తెలుగు కంటే హిందీయే ధారగా వస్తుంది. అదే ఆఫీసరు. మావయ్యకి వైద్యం చేయించాలి, పని ఇప్పించాలి, అక్కడున్న వాళ్లందరికీ బూట్లిప్పించాలి అని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బూట్లు నేనే స్వయంగా చూశానమ్మా. కుంకం బొట్లు కూడా ఉన్నాయి. మీ మావయ్యే తలూపాడు."

"అవి మా నాన్న బూట్లు సార్!" అని దాదాపు అరిచాను.

ఆయన చెడ్డవాడు కాదు. తను చూసినదాన్ని కాదనుకోవడం ఎవరికైనా కష్టమే. కాంట్రాక్టరు ఇవ్వకపోతే ఫ్యాక్టరీవాళ్లే ఇవ్వాలి, చట్టం అలాగే ఉంది, కానీ ఇవ్వలేదని నాకు కనిపించాలి అన్నాడు. వచ్చే బుధవారం పొద్దున్న వచ్చి చూస్తానన్నాడు. ఆ కబురు పద్ధతి ప్రకారం ఫ్యాక్టరీకీ పంపించాడు. ఇంకేం, మంగళవారం సాయంత్రానికి కాంట్రాక్టరు ఇల్లిల్లూ తిరిగి చెప్పేశాడు, రేపు అందరూ బూట్లేసుకు రావాలని.

అతను వెళ్లిన ప్రతి ఇంటికీ వెనకాలే అమ్మ వెళ్లింది. నేను సంచి పట్టుకుని వెంట నడిచాను.

"బూట్లిచ్చీండి. రేపొక్క పూట" అనేది.

"పిచ్చెక్కిందేటే నీకు? బూట్లు లేకపోతే మా మరిది కాలు కూడా కాలిపోద్ది!" అని మీద పడింది ఒకావిడ.

"నా తమ్ముడి కాలు బూట్లుండగానే కాలింది. మనం ఇస్తన్నన్నాళ్లూ ఆడెందుకిస్తాడు? ఆడి ఖర్చు మనం మోసి, ఆడి పరువు కూడా మనమే మోస్తన్నాం. రేపు గేటు దగ్గిర ఆఫీసరుకి కాళ్లు సూపించినాకే లోపలికెల్లమని సెప్పు మీ మరిదికి. నిప్పు దగ్గిరికి ఎల్లొద్దు. అంతే."

ఆవిడ లోపలికి వెళ్లి, ఒక జత తెచ్చి సంచిలో పడేసింది. మిగతావాళ్లు కూడా కొందరు తిట్టి ఇచ్చారు, కొందరు ఏడ్చి ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు ఇవ్వలేదు. వాళ్లనీ నేను తప్పుపట్టను. పని పోతే వాళ్ల పొయ్యి వెలిగించేవాళ్లు ఎవరూ లేరు.

ఇంట్లో నాన్న ఆ సంచులు చూసి బెదిరిపోయాడు.

"ఏమే, ఇవన్నీ ప్లాంటు ఇచ్చిన బూట్లు. లోపల నంబర్లున్నాయి. బయటివాళ్లకి ఇచ్చామని తెలిస్తే నా మీద చార్జిషీటు పడుద్దే. ఇంకా ఎంతో సర్వీసుంది నాకు."

అమ్మ, మావయ్య బూటులోంచి తీసిన కాలిన గుడ్డముక్క తెచ్చి ఆయన పక్కన మంచం మీద పెట్టింది. నాన్న దాన్ని చూశాడు, లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

బుధవారం పొద్దున్న మనుషులు హవాయి చెప్పుల్తో గేటు దగ్గర నిలబడ్డారు. కొందరికి అవీ లేవు. కాంట్రాక్టరు వాళ్లని చూసి రంకెలు వేశాడు.

"బూట్లేవిరా? నిన్న సెప్పినాను గదా! ఎదవల్లారా, బూట్లేవి?"

ఆఫీసరు జీపు దిగాడు. కాంట్రాక్టరు గొంతు మార్చేసి, వీళ్లు కావాలని ఇళ్లలో వదిలేసి వచ్చారు సాబ్, నా మీద కుట్ర అన్నాడు. అప్పుడు మా రిక్షా వచ్చి ఆగింది. అమ్మా నేనూ సంచులు దింపి, బూట్లన్నీ ఆఫీసరు ముందు మట్టిలో కుమ్మరించాం. చిల్లులు పడినవి, నోళ్లు తెరిచినవి, తాళ్లు లేనివి.

"ఇవీ ఇతనిచ్చిన బంగారం బూట్లు" అన్నాను హిందీలో. "నాలిక తిప్పి చూడండి సార్. ఒక్కోదాంట్లో ఒక్కో నంబరుంది."

ఆఫీసరు ఒక బూటు తీసి చూశాడు. అది మావయ్యది, కాలినది. "ఈ నంబరు ఎవరిది?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. చెబితే నాన్న ఉద్యోగానికి ముప్పు, చెప్పకపోతే ఇదంతా దండగ.

"నాది సార్" అన్నారెవరో వెనకనుంచి. "మేరా నంబర్ హై."

నాన్న. డ్యూటీకి వెళ్లాల్సిన మనిషి, సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. జీవితంలో ఏ ఆఫీసరు ముందూ గొంతు పెంచని మనిషి. ఆయన చేతి కింద సైకిలు బెల్లు దానంతటదే చిన్నగా మోగుతోంది. "నా బూట్లు. నా బామ్మర్ది కాలు. ఇతను ఇచ్చింది ఏమీ లేదు" అన్నాడు. గేటు దగ్గరున్న వాళ్లలో ఒకడు, ఆ జత మా అన్నది అన్నాడు. ఇంకొకడు, ఇది మా బావది అన్నాడు. ఆ తరవాత ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

నాన్న మీద ఎవరూ ఏ చార్జిషీటూ వెయ్యలేదు. కానీ ఆ సంగతి తేలేదాకా ఆయన సరిగ్గా అన్నం తినలేదు.

ఆఫీసరు మేనేజరుని గేటు దగ్గరికే పిలిపించి, అందరి ముందూ గట్టిగానే చెప్పాడు. కొద్దిరోజుల్లో ఫ్యాక్టరీలోకి కొత్త బూట్లు వచ్చాయి. ఒక్కొక్కరి కాలూ కొలిచి, ఎవరి నంబరు వారికి ఇచ్చారు. మావయ్య వైద్యం ఖర్చు కూడా ఫ్యాక్టరీయే పెట్టుకుంది, ఎన్నిసార్లు తిప్పించుకుందో అది వేరే కథ. మా వీధిలో ఆడవాళ్లు అమ్మని నెత్తిన పెట్టుకున్నారు. గెలిచాం అనుకున్నాం. కాంట్రాక్టరు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ తరవాతే నెహ్రూ నగర్‌లో మేడ కట్టాడు.

కాలు మానాక మావయ్యకి పని కూడా ఇచ్చారు. కూర్చునే పనే, గేటు దగ్గర. లోపలికి పోయే ప్రతి మనిషి కాళ్లకీ బూట్లున్నాయో లేదో చూసి పంపాలి. లేకపోతే వెనక్కి పంపెయ్యాలి. ఆ పని పర్మనెంటేమో అని నాన్న ఆశగా అడిగాడు. కాదు. అదే కాంట్రాక్టరు కింద, నాలుగైదు నెలలకోసారి బ్రేకుతో.

మొదటి రోజు మావయ్య మా ఇంటి నుంచే డ్యూటీకి బయల్దేరాడు. కొత్త బూట్లు, ఏడో నంబరు, అతనికే కొలిచి ఇచ్చినవి. అమ్మ పీట వేసి కూర్చోబెట్టింది. కుడి కాలికి బూటు చక్కగా ఎక్కింది. ఎడమది తొడిగాక లేచి నిలబడ్డాడు. పాదం బూటులో ముందుకి జారిపోయింది, వేళ్లుండాల్సిన చోట ఏమీ లేదు కదా. ఒకడుగు వేసి తూలాడు, గోడ పట్టుకున్నాడు. మళ్లీ కూర్చుని, చుట్టూ చూసి, తలుపు వెనక మేకుకి వేలాడుతున్న పాత తువ్వాలు అందుకున్నాడు.

"అప్పా, ఒక ముక్క సింపుకుంతాను" అన్నాడు నవ్వుతూ.

అమ్మ తువ్వాలు అతని చేతిలోంచి లాగేసుకుంది. రెండు చేతుల్తో గుండెలకి అదుముకుని నిలబడింది. "ఇవ్వను" అంది. "ఈసారి మాత్రం నా ఇంట్లో గుడ్డ ఇవ్వను. ఎల్లి ఆణ్ణే అడుగు."

మావయ్య ఆ బూటుతో అలాగే, గోడలు పట్టుకుంటూ, గేటు పనికి వెళ్లాడు.